పాత స్పోర్ట్స్ కారుకు సూపర్‌చార్జర్ బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని లెక్కలకు 1798 సీసీ ఎంజీబీ (బ్రిటన్‌కి చెందిన ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు) ఇంజన్‌ని ఉదాహరణగా తీసుకున్నాం. బోర్ (సిలిండర్ వ్యాసం) 80.26 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ., కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లోని మిశ్రమం ఎన్నో వంతుకు కుదించబడుతుందో చెప్పే అంకె) 8.8. మీ ఇంజన్ వేరేదైతే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

సూపర్‌చార్జర్ చేసే పనేమిటి? టర్బోకీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి తనంతట తాను ఎంత వస్తే అంతే. సూపర్‌చార్జర్ అనేది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) తిప్పే గాలి పంపు. దీన్నే బ్లోయర్ అని కూడా అంటారు. అది గాలిని తోసి నింపుతుంది. గాలి ఎక్కువ పడితే దానికి తగ్గ పెట్రోలు కలపొచ్చు, అప్పుడు టార్క్ పెరుగుతుంది. టర్బోని సైలెన్సర్ వైపు పోయే పొగ తిప్పుతుంది కాబట్టి అది పుంజుకోవడానికి కాస్త సమయం పడుతుంది. బెల్టుతో తిరిగే బ్లోయర్‌కి ఆ ఆలస్యం ఉండదు. యాక్సిలరేటర్ తొక్కగానే 2,000 ఆర్‌పీఎం దగ్గరే బలం తెలుస్తుంది.

అయితే ఇది ఉచితం కాదు. పంపు తిరగడానికి కావలసిన శక్తి కూడా ఆ ఇంజనే ఇవ్వాలి. కింద లెక్కగట్టిన ఏర్పాటులో 6,000 ఆర్‌పీఎం దగ్గర బ్లోయర్ ఒక్కటే సుమారు 8 నుంచి 9 హార్స్‌పవర్ తినేస్తుంది.

ఎంత పవర్ పెరుగుతుంది?

5, 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్‌తో, అంటే వాతావరణ ఒత్తిడికి పైన బ్లోయర్ ఇచ్చే అదనపు ఒత్తిడితో, పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుందనుకోండి. అంతకంటే ఎక్కువ చెప్పే ప్రకటనల్ని కొంచెం తగ్గించి చదవడం మంచిది. పాత కారులో అసలు ఆనందం గరిష్ఠ పవర్‌లో లేదు. మూడో గేర్‌లో ఎక్కాల్సిన ఎత్తు నాలుగో గేర్‌లో ఎక్కేస్తుంది, అదీ ఆనందం.

ఇలా మారిస్తే కారు పాతదనం పోయినట్టేనా?

బ్లోయర్ అనేది పాత కార్లకు కొత్తగా అంటించిన ఆలోచన కాదు. రూట్స్ సోదరులు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో తమ గాలి యంత్రానికి పేటెంట్ తీసుకున్నది 1860లో. అప్పటికి కారనేదే లేదు. మెర్సిడెస్ 1921లో బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌చార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి పెట్టింది. 1933లో ఇటలీలో జరిగిన మిల్లే మిలియా రోడ్డు పందెంలో 1100 సీసీ తరగతి గెలిచిన ఎంజీ కే3 మ్యాగ్నెట్‌కి బ్లోయర్ ఉంది. బ్లోయర్ బెంట్లీ సంగతి అందరికీ తెలిసిందే. రేడియేటర్ ముందు, క్రాంక్ కొసకు నేరుగా బిగించిన ఆ యంత్రాన్ని అసలు కారు సృష్టికర్త డబ్ల్యూ. ఓ. బెంట్లీయే ఇష్టపడలేదు.

1950, 60ల్లో షారక్, మార్షల్, జడ్సన్ వంటి కిట్లు రోడ్డు కార్ల కోసమే అమ్మారు. అలాంటి కిట్ దొరికితే ఆ కాలానికి చెందిన మార్పు అనిపించుకుంటుంది. ఏది పెట్టినా బాడీకి, బ్లాకుకి కొత్త రంధ్రం చేయకండి. తీసిన కార్బురేటర్లు, మ్యానిఫోల్డ్, పుల్లీ, వాటి నట్లు, వాషర్లతో సహా ఒక పెట్టెలో చీటీలు రాసి దాచండి. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పడం మరిచిపోవద్దు.

నా ఇంజన్ తట్టుకుంటుందా?

అరిగిన ఇంజన్‌కి బ్లోయర్ మందు కాదు. ఉన్న జబ్బును త్వరగా బయటపెట్టే పరీక్ష అది. కిట్ కొనకముందే ఇవి చూడండి.

కంప్రెషన్ పరీక్ష: ఇంజన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కొలవాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపే ఉండాలి. అంకె ఎంతన్నదానికంటే నాలుగూ ఒకే తీరున ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి తక్కువుంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో చూడాలి.

ఆయిల్ ప్రెషర్: వేడెక్కాక, వేగంగా పోతున్నప్పుడు తయారీదారు చెప్పిన కనీస అంకె కన్నా పైన ఉండాలి. వేడి మీద సూది పడిపోతుంటే ముందు బేరింగులు మార్చండి.

క్రాంక్: ఎంజీబీకి 1964 చివరి దాకా మూడు మెయిన్ బేరింగులు, తర్వాత ఐదు. ఎంజీ టీ తరహా కార్లలోని 1250 సీసీ ఇంజన్‌కీ, ఆస్టిన్ హీలీ స్ప్రైట్, ఎంజీ మిడ్జెట్ అనే చిన్న స్పోర్ట్స్ కార్ల ఇంజన్లకీ మూడే. మూడు బేరింగుల క్రాంక్‌కి బూస్ట్ కంటే ఎక్కువ ఆర్‌పీఎమ్మే శత్రువు. 5,500 దాటించకుండా నడిపితే తక్కువ బూస్ట్‌ని బాగానే మోస్తుంది.

కూలింగ్: ఇప్పుడే ఎత్తు ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత సూది పైకి పోతుంటే, బ్లోయర్ పెట్టాక మరుగుతుంది. రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించాకే మిగతా ఆలోచన.

రూట్స్, వేన్, సెంట్రిఫ్యుగల్: వీటిలో ఏది?

రూట్స్ రకంలో రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ గాలిని అవతలికి నెడతాయి. లోపల కుదింపు ఉండదు. గాలి మ్యానిఫోల్డ్‌లోకి చేరాకే ఒత్తిడి పుడుతుంది. అందుకే గాలిని ఎక్కువ వేడి చేస్తుంది. కానీ మొరటు పని తట్టుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎంలోనే బూస్ట్ ఇస్తుంది. ఈటన్ ఎం45 ఈ జాతిదే. ఒక్క తిప్పుకు 45 క్యూబిక్ అంగుళాలు, అంటే 737 సీసీ పంపుతుంది.

వేన్ రకం షారక్, జడ్సన్‌లలో కనిపిస్తుంది. పక్కకు జరిపిన డ్రమ్ములో పలకలు తిరుగుతాయి. గాలి లోపలే కుదించబడుతుంది కాబట్టి వేడి తక్కువ. అయితే దానికి ఆయిల్ అందుతూనే ఉండాలి, ఆయిల్ ఆగితే పలకలు పోతాయి. పాత షారక్ కొనేటప్పుడు షాఫ్ట్ చేత్తో తిప్పి చూడండి. గీరిన చప్పుడు వస్తే విప్పించి చూపించకుండా డబ్బివ్వకండి.

సెంట్రిఫ్యుగల్ రకంలో బూస్ట్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పెరుగుతుంది. 6,500 కూడా దాటని పాత ఇంజన్‌కి అది అక్కరకు రానిచోట బలం ఇస్తుంది. మా ఓటు రూట్స్‌కే.

ఎంత బూస్ట్ పెట్టాలి? పుల్లీ సైజు ఎలా లెక్కగట్టాలి?

పాత ఇనుప హెడ్డు ఇంజన్‌కి 5 నుంచి 6 పీఎస్ఐ చాలు. లెక్క ఇలా వేయాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఒక్క తిప్పుకు తన సీసీలో సగం మింగుతుంది: 1798లో సగం 899. క్రాంక్ పుల్లీ 125 మి.మీ., బ్లోయర్ పుల్లీ 73.5 మి.మీ. అయితే నిష్పత్తి 1.7. అంటే క్రాంక్ ఒకసారి తిరిగితే బ్లోయర్ 1.7 సార్లు తిరిగి 1,253 సీసీ పంపుతుంది. 1,253ని 899తో భాగిస్తే 1.39. అందులో ఒకటి తీసేస్తే 0.39. దాన్ని వాతావరణ ఒత్తిడి 14.7తో గుణిస్తే 5.7 పీఎస్ఐ.

ఇది మొదటి అంచనా మాత్రమే. రోటర్ల సందుల్లోంచి కొంత గాలి వెనక్కి జారుతుంది, అది బూస్ట్ తగ్గిస్తుంది. కుదింపు వేడి ఒత్తిడిని పెంచుతుంది. రెండూ చాలావరకు కొట్టుకుపోయినా గేజ్‌లో ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ అటూ ఇటూ రావచ్చు.

ఇప్పుడు బ్లోయర్ పుల్లీని 65 మి.మీ.కి తగ్గించి చూడండి. నిష్పత్తి 1.92, బూస్ట్ 8.4 పీఎస్ఐ అవుతుంది. పుల్లీ ఎనిమిదిన్నర మి.మీ. తగ్గితే దాదాపు 3 పీఎస్ఐ పెరిగింది. "ఇంకాస్త చిన్న పుల్లీ వేస్తే పోలా" అనే కోరిక పిస్టన్ల ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే.

వేడి సంగతి కూడా చూడాలి. బయటి గాలి 25 డిగ్రీలుంటే, 55 శాతం సామర్థ్యమున్న రూట్స్‌లో 5.7 పీఎస్ఐ దగ్గర గాలి 80 డిగ్రీలకు చేరుతుంది. 8.4 దగ్గర 100 డిగ్రీలు. ఆ వేడికి నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలవుతుంది.

కంప్రెషన్ రేషియో తగ్గించాలా?

5, 6 పీఎస్ఐకి 8.0 నుంచి 8.5 మధ్య ఉంటే నిశ్చింత. 8.8 మీద కూడా నడిపేవాళ్లున్నారు కానీ టైమింగ్, పెట్రోలు, మిశ్రమం మూడూ ఎప్పుడూ సరిగ్గా కుదరాలి, పొరపాటుకు చోటుండదు. 8 పీఎస్ఐ కావాలంటే 8.0 దాటొద్దు.

ఒక్కో సిలిండర్ 449.5 సీసీ. 8.8 రేషియోకి పైన మిగిలే ఖాళీ 57.6 సీసీ, 8.0 కావాలంటే 64.2 సీసీ. అంటే 6.6 సీసీ ఖాళీ పెంచాలి. హెడ్ గ్యాస్కెట్ కింద మందం పెంచి ఆ ఖాళీ తెచ్చుకోవాలంటే 1.3 మి.మీ. కావాలి. చవకైన దారి ఇదే, మంచి దారి మాత్రం కాదు. పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఉండాల్సిన ఇరుకు పోయి మిశ్రమం సరిగా కలవదు, నాకింగ్ తగ్గడానికి చేసిన పని నాకింగ్‌నే పెంచుతుంది. పైగా రెండు గ్యాస్కెట్లు, మధ్యలో పలక అంటే కారే చోట్లు రెట్టింపు. గుంట ఉన్న పిస్టన్లు వేయించడం సరైన పని. ఎంజీబీకి కంపెనీయే 8.0 రేషియో పిస్టన్లతో ఇంజన్లు చేసింది, వాటిని వెతకండి.

కార్బురేటర్ బ్లోయర్‌కి ముందుండాలా, తర్వాతా?

ముందున్నది పీల్చే పద్ధతి. కార్బురేటర్, దాని వెనక బ్లోయర్, ఆ తర్వాత మ్యానిఫోల్డ్. కార్బురేటర్ మీద ఎప్పుడూ ఒత్తిడి పడదు కాబట్టి మామూలు ఎస్‌యూ (ఈ కార్లలో వాడే కార్బురేటర్ రకం) ఒక్కటి సరిపోతుంది, పాత పెట్రోలు పంపే చాలవచ్చు. పెట్రోలు బ్లోయర్ లోపల ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. లోపమేమిటంటే బ్లోయర్ నుంచి వాల్వు దాకా ఉన్న చోటంతా మండే మిశ్రమంతో నిండి ఉంటుంది.

తర్వాత పెట్టేది ఊదే పద్ధతి. అప్పుడు కార్బురేటర్ మొత్తం ఒత్తిడిలో ఉంటుంది. ఫ్లోట్ గిన్నెకీ అదే ఒత్తిడి అందించాలి, థ్రాటిల్ షాఫ్ట్‌కి సీళ్లు వేయాలి, పెట్రోలు ప్రెషర్ బూస్ట్ కన్నా ఎప్పుడూ 2, 3 పీఎస్ఐ ఎక్కువుండేలా రెగ్యులేటర్ పెట్టాలి. బోలు ఇత్తడి ఫ్లోట్ ఒత్తిడికి నలిగిపోవచ్చు. ఇంటర్‌కూలర్ తప్పనిసరిగా కావాలనుకునేవాళ్లకే ఈ తంటా.

రోడ్డు మీద నడిపే పాత కారుకి పీల్చే పద్ధతే మేలు.

ఉన్న జంట కార్బురేటర్లనే వాడుకోవచ్చా?

వాడొచ్చు కానీ ప్రయోజనం లేదు. 1798 సీసీకి 1¾ అంగుళాల ఎస్‌యూ ఒక్కటి చాలు. రెండిటినీ సరిపెట్టే పని తప్పుతుంది.

ఎస్‌యూ సూది ఎలా ఎంచుకోవాలి?

ఊహించి కాదు, కొలిచి. సైలెన్సర్ పైపుకి, మ్యానిఫోల్డ్ కలిసే చోటు దాటాక వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగను బట్టి గాలి-పెట్రోలు నిష్పత్తి కొలిచేది) కోసం ఒక నట్టు వెల్డ్ చేయించండి. సెన్సర్ మొన పైకి చూడకుండా, పైనుంచి లోపలికి వాలుగా ఉండాలి, లేకుంటే నీరు చేరి చెడిపోతుంది. రావలసిన గాలి-పెట్రోలు నిష్పత్తులు:

ఐడ్లింగ్‌లో 13 నుంచి 13.5
నిలకడగా పోతున్నప్పుడు 14 నుంచి 14.7
బూస్ట్ ఉన్నప్పుడు 12.0 నుంచి 12.5

బూస్ట్‌లో 13 దాటితే వెంటనే కాలు తీసేయండి. జెట్టు కిందికి దించితే అన్నిచోట్లా ఒకేసారి మిశ్రమం చిక్కబడుతుంది, దాంతో ఐడ్లింగ్ పాడవుతుంది. మనకు కావలసింది కార్బురేటర్ లోపలి పిస్టన్ పైకి లేచినప్పుడు మాత్రమే ఎక్కువ పెట్రోలు, అంటే చివర సన్నగా ఉన్న సూది. ఎస్‌యూ సూదుల పట్టికలో ప్రతి 3.2 మి.మీ.కి ఒక మందం రాసి ఉంటుంది. ఎక్కడ మిశ్రమం పల్చగా ఉందో చూసి, ఆ స్థానంలో సన్నగా, మిగతాచోట్ల ఒకేలా ఉన్న సూదిని పట్టికలో వెతకాలి. సరిగ్గా దొరక్కపోతే లేత్‌కి బిగించి సన్న ఎమరీ కాగితంతో రుద్దుతారు. ఒక్కో రుద్దుకీ మైక్రోమీటర్‌తో కొలవండి. తీసినది తిరిగి అతకదు మరి.

ఒక హెచ్చరిక: చాలా పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. వైడ్‌బ్యాండ్ గేజ్ అలాంటి కారులో పెడితే కాలిపోతుంది. ముందు వైరింగును నెగటివ్ ఎర్త్‌కి మార్చి, డైనమో ఉంటే దాని ధ్రువాన్ని కూడా మార్చాలి.

పెట్రోలు పంపు సరిపోతుందా?

కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి కొలపాత్రలో పెట్టి, సరిగ్గా ఒక నిమిషం పంపు నడపండి. లీటరుకి తక్కువ పడితే పంపో ఫిల్టరో టాంకులోని జాలీయో మార్చాలి. ఈ పరీక్ష బయట, చల్లటి ఇంజన్ మీద, పక్కన అగ్నిమాపక సిలిండర్ పెట్టుకుని చేయండి.

ఇగ్నిషన్ టైమింగ్ ఎంత తగ్గించాలి?

ప్రతి 1 పీఎస్ఐకి 1 డిగ్రీ. మామూలుగా ఈ ఇంజన్‌కి మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు నిప్పురవ్వ పడుతుందో) 32 నుంచి 34 డిగ్రీలు పెడతారు, 6 పీఎస్ఐకి 26 నుంచి 28కి దించాలి. వాక్యూమ్ పైపు ఊడదీసి, అడ్వాన్స్ ఇక పెరగదు అనేంత ఆర్‌పీఎంలో స్ట్రోబ్ లైటుతో చూడాలి.

ఇందులో ఒక చిక్కుంది. డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని తిప్పి 6 డిగ్రీలు తగ్గిస్తే ఐడ్లింగ్‌లోనూ తగ్గుతుంది. ఇంజన్ మందకొడిగా నడిచి, వేడెక్కి, పెట్రోలు తాగుతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువుల కదలికను తగ్గించి, మొదటి అడ్వాన్స్‌ని అలాగే ఉంచడం సరైన పద్ధతి. మ్యానిఫోల్డ్ ఒత్తిడిని చూసి తానే తగ్గించుకునే ప్రోగ్రామబుల్ డిస్ట్రిబ్యూటర్ అయితే ఇంకా మేలు. దాని సెన్సర్ పైపు బ్లోయర్ తర్వాత తీసుకోవాలి. పాత డబ్బా రకం వాక్యూమ్ అడ్వాన్స్ ఉంటే దాని పైపు కార్బురేటర్ వైపే ఉంచండి.

నాకింగ్ ఎక్కువగా వచ్చేది 5,000 ఆర్‌పీఎంలో కాదు. టాప్ గేర్‌లో, 2,000 దగ్గర, కాలు నేలకానించి తొక్కినప్పుడు వస్తుంది. రూట్స్ బ్లోయర్ అక్కడే పూర్తి బూస్ట్ ఇస్తుంది కాబట్టి. గేర్ దించి నడపడం అలవాటు చేసుకోండి.

ప్లగ్గులు మార్చాలా?

ఒక మెట్టు చల్లని ప్లగ్గు వేయండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లనిది: బీపీ6ఈఎస్ బదులు బీపీ7ఈఎస్. చాంపియన్, బాష్‌లలో తిరకాసు, అంకె తగ్గితే చల్లనిది. గ్యాప్ 0.6 నుంచి 0.65 మి.మీ. బూస్ట్‌లో నిప్పురవ్వ దూకడానికి కష్టపడుతుంది కాబట్టి పాత గ్యాప్ ఉంచితే గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ తడబడుతుంది.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ప్లగ్గులు తీసి పింగాణీని భూతద్దంతో చూడండి. లేత గోధుమ రంగు మంచిది. మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ల అల్యూమినియం. ఆ కారును ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

కొత్త కార్ల నుంచి తీసిన ఈటన్ వాడొచ్చా?

వాడొచ్చు. 2002 నుంచి 2006 దాకా వచ్చిన మినీ కూపర్ ఎస్‌లో ఎం45 ఉంది. అయితే ఆ కారులో నీళ్ల పంపును కూడా బ్లోయర్ వెనక పళ్లచక్రాలే తిప్పుతాయి. మన ఇంజన్‌కి అవి అక్కర్లేదు, ఆ వెనక భాగాన్ని ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. కొనేటప్పుడు పుల్లీని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి బేరింగు ఆట చూడండి. రోటర్ల మీది పూత పెచ్చులూడిందేమో టార్చి వేసి చూడండి. ముందు భాగంలో దానికి వేరే సింథటిక్ ఆయిల్ ఉంటుంది. అందులో ఇంజన్ ఆయిల్ పోస్తే నురగొచ్చి బేరింగులు పోతాయి.

బిగించే వరుస ఏమిటి?

బ్యాటరీ తీసి, కూలెంట్ వంపి, రేడియేటర్ బయటికి తీయండి. క్రాంక్ పుల్లీ మార్చాలంటే ఎలాగూ చోటు కావాలి. పాత పుల్లీలో రబ్బరు డ్యాంపర్ ఉంటే దాన్ని తీసేసి గట్టి పుల్లీ పెట్టకండి, డ్యాంపర్ ముందు అదనపు పుల్లీ బిగించే రకం ఎంచుకోండి. క్రాంక్ కంపనాన్ని మింగేది అదే.

మ్యానిఫోల్డ్ ముఖాన్ని అద్దం పలక మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.1 మి.మీ. కంటే ఎక్కువ వంకర ఉంటే మిల్లింగ్ చేయించాలి. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు ఒకే పక్కన ఒకే స్టడ్లకు బిగుస్తాయి కాబట్టి రెండిటి అంచుల మందం సమానంగా ఉండాలి. తేడా ఉంటే వాషర్ ఒకదాన్నే నొక్కుతుంది, రెండోది ఊదుతుంది.

గ్యాస్కెట్ లేకుండా ఒకసారి అంతా బిగించి చూడండి. బ్లోయర్ మీద ఎత్తైన చోట మట్టి ముద్ద పెట్టి బానెట్ మెల్లగా మూయండి. ముద్ద 12 మి.మీ. కంటే పల్చబడితే ఇంజన్ ఊగినప్పుడు తగులుతుంది.

తర్వాత పుల్లీల వరుస. పొడవైన నిటారు పట్టీ రెండు పుల్లీల ముఖాలకు ఆనించి చూడండి, తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. బ్లోయర్ బ్రాకెట్ ఒక్కచోట పట్టుకుంటే చాలదు. మ్యానిఫోల్డ్ వైపు, ముందు పుల్లీ వైపు రెండుచోట్లా ఆధారం కావాలి. లేకుంటే బెల్టు లాగుడికి మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ కొన్ని వారాల్లోనే ఊడుతుంది.

థ్రాటిల్‌కి రెండు స్ప్రింగులు వేయండి, ఒకటి తెగినా రెండోది మూయాలి. ఎగ్జాస్ట్‌కీ బ్లోయర్‌కీ మధ్య రేకు కవచం, దానికి ఇరువైపులా గాలి సందు ఉండాలి.

స్టార్ట్ చేశాక ముందు గాలి లీకులు వెతకండి. మొదటి 150 కిలోమీటర్లు 3,000 ఆర్‌పీఎం దాటించకుండా, బూస్ట్ సున్నా దగ్గరే నడపండి. ఆ తర్వాత ఇంజన్ చల్లారాక మ్యానిఫోల్డ్ నట్లు, బెల్టు బిగువు మళ్లీ చూసి, సూది సంగతి తేల్చుకోండి. హెడ్ విప్పి ఉంటే హెడ్ నట్లను కూడా కంపెనీ వరుసలో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించాలి.

బ్రేక్ సర్వో, ఇంజన్ బ్రీదర్ పైపులు ఎక్కడ కలపాలి?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బ్లోయర్ తర్వాతి మ్యానిఫోల్డ్‌లో తొక్కినప్పుడు ఒత్తిడి ఉంటుంది. అక్కడ పాత పీసీవీ వాల్వును (క్రాంక్ కేసులోని ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి లాగే వాల్వు) అలాగే ఉంచితే బూస్ట్ నేరుగా క్రాంక్ కేసులోకి పోతుంది. డిప్‌స్టిక్ ఎగిరిపడుతుంది, వెనక సీలు నుంచి ఆయిల్ కారుతుంది, చివరికి "రింగులు పోయాయి" అని ఇంజన్ విప్పేస్తారు. బ్రీదర్‌ని ఎస్‌యూ మీదున్న బ్రీదర్ మూతికి గానీ, వేరే ఆయిల్ డబ్బాకి గానీ కలపండి.

సర్వో పైపు కార్బురేటర్‌కీ బ్లోయర్‌కీ మధ్య తీసుకుంటే దానికి ఎప్పుడూ ఒత్తిడి తగలదు. వన్‌వే వాల్వు మాత్రం కొత్తది వేయండి.

మ్యానిఫోల్డ్ మీద స్ప్రింగు వాల్వు ఎందుకు?

ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోక గానీ, మిశ్రమం పల్చబడి గానీ మంట వెనక్కి దూకితే, మ్యానిఫోల్డ్ నిండా ఉన్న మిశ్రమం ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ ఒత్తిడి బయటికి పోకపోతే రోటర్లు వంగుతాయి లేదా కేసింగు పగులుతుంది. స్ప్రింగు వాల్వు గరిష్ఠ బూస్ట్ కన్నా 2, 3 పీఎస్ఐ పైన తెరుచుకోవాలి. దాని మూతి వైర్ల వైపూ పెట్రోలు పైపు వైపూ చూడకూడదు.

ఇంటర్‌కూలర్, క్యామ్‌షాఫ్ట్?

6 పీఎస్ఐ లోపు ఇంటర్‌కూలర్ అక్కర్లేదు. పీల్చే పద్ధతిలో పెట్టకూడదు కూడా, చల్లటి గొట్టాల్లో పెట్రోలు మళ్లీ ద్రవమై పేరుకుంటుంది. క్యామ్ కంపెనీదే ఉంచండి. రేసు క్యామ్‌లో రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం ఎక్కువ. కష్టపడి కుదించిన మిశ్రమం నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది.

గేజ్‌లో 6 రావలసినచోట 3 మాత్రమే వస్తోంది. ఎందుకు?

ముందు బెల్టు. పుల్లీ మీద నల్లటి పొడి, తొక్కినప్పుడు కీచుమనే చప్పుడు ఉంటే జారుతున్నట్టే. సన్న వీ బెల్టు ఒక్కటి ఈ బరువు మోయలేదు, ఆరు గాడులున్న 6పీకే రకం వాడండి. బిగించడం ఒక్కటే మందు కాదు. అతిగా బిగిస్తే బ్లోయర్ బేరింగూ నీళ్ల పంపు బేరింగూ పోతాయి. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు సగానికి పైగా చుట్టుకునేలా ఐడ్లర్ (బెల్టును నొక్కి పట్టే ఖాళీ పుల్లీ) స్థానం మార్చండి.

బెల్టు బాగుంటే గాలి ఫిల్టర్ చిన్నదేమో, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. ఒకరు లోపల కూర్చుని తొక్కితే మరొకరు పైనుంచి చూడాలి. ఆ తర్వాత మ్యానిఫోల్డ్ లీకు. చివరగా బైపాస్ వాల్వు. ఈటన్‌లలో అది కొద్దిగా తెరిచి ఉండిపోతే గాలి లోపలే తిరుగుతుంది.

కాలు తీసినప్పుడు నీలం పొగ వస్తోంది.

పీల్చే పద్ధతిలో థ్రాటిల్ మూస్తే బ్లోయర్ లోపల గట్టి వాక్యూమ్ ఏర్పడి, సీళ్లు అరిగుంటే వాటిలోంచి ఆయిల్ లాక్కుంటుంది. బ్లోయర్ బయటికి వచ్చే మూతి దగ్గర తడి ఉంటే సీళ్లు మార్చండి. ఇంజన్ ఆయిల్‌తో నడిచే పాత వేన్ రకమైతే ఆయిల్ సన్న జెట్టు ద్వారానే వస్తోందా చూడాలి. ఎవరో ఆ జెట్టు తీసేసి మామూలు యూనియన్ బిగించి ఉంటారు. ఆ మూతి పొడిగా ఉంటే తప్పు ఇంజన్‌దే. వాల్వు గైడ్లు చూడండి.

గేర్‌బాక్స్, క్లచ్, బ్రేకులు?

ఎంజీబీ గేర్‌బాక్స్ ఈ మాత్రం టార్క్‌కి బాగానే నిలుస్తుంది. క్లచ్ జారడం మొదలైతే కొత్త ప్లేటు వేయాల్సిందే. ఎంజీ టీ తరహా కార్లలో వెనక హాఫ్ షాఫ్టులు బలహీనమైనవి, నిలబడి ఉన్న కారును ఒక్కసారిగా దూకించవద్దు. వెనక నుంచి తోసే బలం పెరిగింది కాబట్టి ముందు బ్రేకు ప్యాడ్లు, ద్రవం, రబ్బరు గొట్టాలు కొత్తవి వేసి మరీ రోడ్డెక్కండి.

తర్వాత దేన్ని ఎప్పుడు చూడాలి?

బెల్టును ప్రతి నెలా చూడాలి, ఒక స్పేర్ బెల్టూ దాన్ని మార్చే స్పానరూ కారులోనే ఉండాలి. ఇంజన్ ఆయిల్ 5,000 కిలోమీటర్లకు మార్చండి, బ్లోయర్‌కి సొంత ఆయిల్ ఉంటే దాని మట్టం కూడా అప్పుడే. మ్యానిఫోల్డ్ నట్లు మొదటి వెయ్యి కిలోమీటర్లలో రెండుసార్లు, తర్వాత ప్రతి ఆయిల్ మార్పుకీ. వేసవి మొదలయ్యేటప్పుడు బూస్ట్‌లో మిశ్రమం అంకెలు మరోసారి కొలవండి. పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంటే పాత రబ్బరు పైపులన్నీ దాన్ని తట్టుకునే రకంతో మార్చాలి, ఇథనాల్ వల్ల మిశ్రమం కొంచెం పల్చబడుతుంది కూడా.